ఈసారి ప్రశ్నలన్నీ ‘సెట్’ మీదే

మిమ్మల్ని బాగా విసిగించిన ఇంగ్లిష్ చిన్నపదం ఏదో రాసి పంపండి అని పోయినసారి అడిగాను కదా, ‘గెట్’ వస్తుందేమో, ‘అప్’ వస్తుందేమో అనుకుంటూ కూర్చున్నా. తీరా ఉత్తరాలు విప్పితే ఎక్కువ మంది ఒకే పదం మీద పడ్డారు. సరే, మిగతావి పక్కన పెట్టేసి ఈసారికి దీని సంగతే చూద్దాం.

ప్రశ్న: మా పాప ఆరో తరగతి. మొన్న ఇంగ్లిష్ కథ ఒకటి చదువుతుంటే సూర్యుడు మునిగిన చోట సెట్, వాళ్ళు ప్రయాణం మొదలుపెట్టిన చోట సెట్, పక్షిని వదిలేసిన చోట సెట్, గడ్డివాముకి నిప్పంటించిన చోటా సెట్టే. నాన్నా సెట్ అంటే ఏంటి అంది. అమర్చడం అన్నాను. మరి సూర్యుణ్ణి ఎవరు అమర్చారు అంది! డిక్షనరీ తీస్తే పేజీలకి పేజీలు ఉంది. దీనికి అసలు అర్థం అంటూ ఒకటుందా సార్?

ఉందండీ. పాపకి ముందు ‘సిట్’ గుర్తు చెయ్యండి, సిట్ అంటే కూర్చోడం, అది తెలుసు కదా. సెట్ అంటే కూర్చోబెట్టడం. అంతే, మొదట్లో దీని పని అదొక్కటే. ఎక్కు–ఎక్కించు, దిగు–దించు, తడుచు–తడుపు అని మనం ఎలా చేస్తామో, ఒకప్పుడు ఇంగ్లిష్ వాళ్ళూ అలాగే మధ్యలో అచ్చు మార్చి ఇంకొకరి చేత చేయించే క్రియ తయారు చేసుకునేవాళ్ళు. ఫాల్ అంటే పడు, ఫెల్ అంటే చెట్టుని పడగొట్టు. లై అంటే పడుకో, లే అంటే పడుకోబెట్టు. రైజ్, రెయిజ్ కూడా ఇలాంటి జతే. ఆ పద్ధతి వాళ్ళ భాషలో ఎప్పుడో ఆగిపోయింది, ఇలా నాలుగైదు జతలు మాత్రం మిగిలాయి, మనకేమో ఇప్పటికీ ఏ క్రియ దొరికితే దానికి ‘ఇంచు’ తగిలించేస్తాం, డౌన్‌లోడ్‌ని కూడా వదలం, డౌన్‌లోడ్ చేయిస్తాం.

ఇప్పుడు కూర్చోబెట్టులో ఉన్న ‘పెట్టు’ ని పట్టుకోండి. పాపతో ఒక ఆట ఆడండి, మీరు ఇంగ్లిష్ లో సెట్ ఉన్న మాట చెప్పడం, తను దాన్ని తెలుగులో చెప్పడం. అలారం సెట్ చెయ్యడం? అలారం పెట్టడం. నిప్పు సెట్ చెయ్యడం? నిప్పు పెట్టడం. గడువు, రూల్స్, టార్గెట్, పరీక్ష తేదీ, అన్నీ పెట్టడమే. ఏదైనా చెయ్యాలని మనసు సెట్ చేసుకుంటే మనసు పెట్టడం. ఇద్దర్ని ఒకరి మీదికి ఒకర్ని ‘సెట్ అగైనెస్ట్’ చేస్తే తగువు పెట్టడం. సెట్ అప్ అని ఇల్లు కలిపితే కాపురం పెట్టడం, సెట్ అసైడ్ అంటే అచ్చంగా పక్కన పెట్టడం. పక్షిని సెట్ ఫ్రీ చేశారు కదా, మనం ఏమంటాం? వదిలిపెట్టారు. చూశారా, అక్కడా పెట్టు వచ్చి కూర్చుంది! మన పెట్టు కూడా డిక్షనరీలో కాలూ చెయ్యీ బారజాపుకుని పడుకునే మాటే, పేరు పెట్టు, పేచీ పెట్టు, కేక పెట్టు, ముద్దు పెట్టు, కన్నీళ్ళు పెట్టు, చలి పెడుతోంది, నొప్పి పెడుతోంది, ఇవన్నీ మనకి ఎవరూ నేర్పలేదు, అర్థాలు ఎన్ని అని మనమెప్పుడూ లెక్కపెట్టలేదు (ఇదిగో ఇంకొకటి). ఇంగ్లిష్ పిల్లలకి సెట్ కూడా అంతే, వాళ్ళకి అది భయపెట్టే పదమే కాదు.

ఇక సూర్యుడు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లిష్ లో సూర్యాస్తమయానికి ‘సెట్ల్‌గాంగ్’ అనే మాట ఉంది. సెట్ల్ అంటే కూర్చునే చోటు, గాంగ్ అంటే వెళ్ళడం. పొద్దంతా నడిచిన సూర్యుడు తన ఆసనానికి వెళ్ళిపోయాడని. మనం పొద్దు గూట్లో పడింది అంటాం, వాళ్ళు పొద్దు వెళ్ళి కూర్చుంది అన్నారు. కాబట్టి పాపకి చెప్పండి, సూర్యుణ్ణి ఎవరూ అమర్చలేదు, ఆయనే వెళ్ళి కూర్చున్నాడు అని.

‘సెటిల్’ అవ్వడం కూడా ఆ ఆసనం లోంచి పుట్టిందే. అబ్బాయి లైఫ్ లో సెటిలయ్యాడా అని పెద్దవాళ్ళు అడుగుతుంటారే, అసలు అర్థం తీస్తే ఎక్కడో ఒకచోట కూర్చున్నాడా ఇంకా నిలబడే ఉన్నాడా అని.

ప్రశ్న: ఇంగ్లిష్ లో ఎక్కువ అర్థాలున్న పదం ఏది అని క్విజ్ లో అడిగితే ‘సెట్’ అన్నాను. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో అదే చదివాను. క్విజ్ మాస్టర్ తప్పు, ‘రన్’ అన్నాడు. మా ఇద్దర్లో ఎవరు రైట్?

మీ పుస్తకం అచ్చయిన రోజున మీరు రైట్. ఇప్పుడు క్విజ్ మాస్టర్ రైట్. కోపం తెచ్చుకోకండి, సంగతి చెప్తా.

ఈ లెక్కకి అందరూ ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీనే చూపిస్తారు. దాని రెండో ఎడిషన్ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది, అందులో అన్నిటికన్నా పొడుగు ఎంట్రీ సెట్ క్రియదే, దాదాపు 430 అర్థాలు, వాటిని వివరించడానికి 60,000 మాటలు. ఒక పదానికి 60,000 మాటలంటే చిన్న సైజు నవల అండీ అది. గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది, అక్కణ్ణించి జనరల్ నాలెడ్జ్ పుస్తకాలన్నిటికీ పాకింది, ఒకసారి వాటిలోకి చేరిన సంగతి ఇక బయటికి రాదు కదా. తర్వాత డిక్షనరీ వాళ్ళు మూడో ఎడిషన్ కోసం ఒక్కో పదాన్నీ కొత్తగా రాయడం మొదలెట్టారు. 2000లో ‘మేక్’ సెట్ ని దాటింది, 2007లో ‘పుట్’ దాన్నీ దాటింది, 2011లో ‘రన్’ వచ్చి క్రియ ఒక్కదానికే 645 అర్థాలతో పైకెక్కి కూర్చుంది. ఆ రన్ ఎంట్రీ మీద పీటర్ గిల్లివర్ అనే ఆయన 9 నెలలు పనిచేశాడు. నేనైతే 9వ రోజే లేచి పారిపోయేవాణ్ణి, అది కూడా రన్నే అనుకోండి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. పాత రికార్డ్ పాత పద్ధతిలో రాసిన ఎంట్రీది, కొత్త రికార్డ్ కొత్తగా తిరగరాసిన ఎంట్రీది. ఒక పదాన్ని మళ్ళీ మొదటినుంచి తవ్వితే అర్థాలు పెరుగుతాయి తప్ప తగ్గడం అరుదు, అందుకని ఇది రెండు పదాల మధ్య పందెం కాదు, ఎవర్ని ముందు తవ్వారు అనే లెక్క. పైగా ఒక అర్థం ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలైందో గీత గీసేది సంపాదకులే. అలారం పెట్టడం, గడువు పెట్టడం రెండర్థాలా ఒకటేనా? నన్నడిగితే ఒకటే అంటా, ఇంకొకాయన రెండంటాడు, అక్కడే 50 తేడా వచ్చేస్తుంది.

అసలు చిన్నపదాలకే ఇన్నెందుకు అంటారేమో. రోజూ నోట్లో నానేవి అవే కాబట్టి. ఎక్కువ వాడే పదాలకే ఎక్కువ అర్థాలుంటాయని జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పండితుడు 1945లోనే లెక్కలు వేసి చూపించాడు. చేతికి దగ్గరగా ఉన్న గిన్నెతోనే కదా మనం అన్నీ కొలుస్తాం.

ప్రశ్న: ఆఫీస్ లో ఒక కలీగ్ కొత్త షర్ట్ వేసుకొస్తే ‘సెట్ అయింది’ అనే భావంతో ఇంగ్లిష్ లో అదే వాడేశాను. అతనికి తెలుగు రాదు. ఏం సెట్ అయింది అని మొహం పెట్టాడు. తెలుగులో మనం పొద్దున్నించీ రాత్రి దాకా అంటూనే ఉంటాం కదా, మరి ఇంగ్లిష్ లో ఎందుకు కుదరలేదు?

మీ ప్రశ్న చివరి మాటలోనే జవాబు ఉంది, చూసుకోండి. కుదరలేదు!

నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఎక్కువ రాస్తా ఏమీ అనుకోకండి. మనం సెట్ అనే మాటని ఇంగ్లిష్ నుంచి తీసుకున్నాం కానీ దాని లోపల పోసింది మన ‘కుదురు’ ని. కుదురు అంటే తెలుసు కదా, అడుగు గుండ్రంగా ఉన్న కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. కుండ దాని మీద కదలకుండా కూర్చుంటే కుదురుగా ఉంది అంటాం. అక్కణ్ణించి పిల్లాడు కుదురుగా ఉన్నాడు, సంబంధం కుదిరింది, బేరం కుదిరింది, టైం కుదరలేదు, జబ్బు కుదిరింది, తిక్క కుదిరింది, ఎన్ని వచ్చాయో. ఇప్పుడు వీటిలో కుదురు తీసేసి సెట్ పెట్టి చూడండి. సంబంధం సెట్ అయింది. బేరం సెట్ అయింది. టైం సెట్ అవ్వలేదు. వాడికి తిక్క సెట్ అయింది అనరు గానీ వాణ్ణి సెట్ చేశాను అంటారు, అదీ ఇదీ ఒకటే. వాళ్ళిద్దరికీ సెట్ అవ్వదు, ఈ ఊరు నాకు సెట్ అవ్వలేదు, ఆ రంగు నీకు సెట్ అయింది, మొత్తం కుదురు సామానంతా సెట్ ఇంట్లోకి మారిపోయింది.

తమాషా ఏంటంటే రెండు మాటలూ పుట్టింది కూర్చోడం దగ్గరే. అక్కడ సిట్, ఇక్కడ కుదురు మీద కూర్చున్న కుండ. అందుకే మన నోటికి అంత తేలిగ్గా పట్టేసింది అని నా అనుమానం. కానీ ఇంగ్లిష్ వాడు నప్పడం అనే అర్థాన్ని సెట్ కి ఇవ్వలేదు. షర్ట్ కొలత సరిపోతే ఫిట్ అనాలి, చూడ్డానికి నప్పితే సూట్ అనాలి, ప్యాంట్ కి షర్ట్ కలిస్తే మ్యాచ్ లేదా గో. ఇద్దరు మనుషులకి కుదిరితే గెట్ అలాంగ్, టైం కుదిరితే వర్క్స్. మనం ఒక్క సెట్ తో లాగించేదానికి అక్కడ అయిదు మాటలు కావాలి.

ఇంగ్లిష్ లో మనిషి గురించి సెట్ అనొచ్చు గానీ అప్పుడు అర్థం వేరు, ‘ఆల్ సెట్’ అంటే రెడీ అయిపోయాను అని. ఇంకోటి, తన పద్ధతుల్లో సెట్ అయిపోయిన మనిషి అంటే ఇక మారడు, మొండిఘటం అని, మీ కలీగ్ ని పొరపాటున కూడా అలా అనకండి.

మరి తెలుగులో సెట్ అయింది అనడం తప్పా అని వెంటనే ఇంకో ఉత్తరం రాయకండి. తప్పు కాదు. అది ఇప్పుడు తెలుగు మాటే. ఇంగ్లిష్ లోకి తిరిగి తీసుకెళ్ళేటప్పుడే ఇబ్బంది.

ప్రశ్న: మేడమ్ ‘హీ సెట్టెడ్ ద అలారం’ అంటే కొట్టేశారు. హీ పక్కన సెట్ అని రాస్తే ఎస్ లేదని కొట్టేస్తారేమో అని భయం. ఏం రాయాలి?

సెట్టెడ్ లేదమ్మా. సెట్, సెట్, సెట్, మూడూ ఒకటే, కట్, పుట్, హిట్, షట్, లెట్, హర్ట్ లాగా. హీ పక్కన ఎస్ లేకుండా సెట్ అని ఉంటే అది నిన్న జరిగింది, సెట్స్ అని ఉంటే రోజూ జరిగేది. ఆ ఎస్ లేకపోవడమే అక్కడ గుర్తు. అయ్, దే పక్కనుంటే మాత్రం నిన్నా రోజూనా అన్నది చుట్టూ ఉన్న మాటల్ని బట్టే తేల్చుకోవాలి, వేరే దారి లేదు.

ప్రశ్న: లెక్కల పుస్తకంలో సెట్ ని సమితి అంటారు. టీవీ సెట్, చెస్ సెట్, టెన్నిస్ లో సెట్, సినిమా సెట్ కూడా ఉన్నాయి. ఇవన్నీ కూడా మీరు చెప్పే కూర్చోబెట్టడంలోంచే వచ్చాయా? నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

నమ్మకపోవడమే మంచిదైంది. అన్నీ కాదు. ఇక్కడ రెండు కుటుంబాలు ఒకే ఇంటిపేరు పెట్టుకుని తిరుగుతున్నాయి.

గుంపు అనే అర్థమున్న సెట్ వేరే దారిన వచ్చింది. లాటిన్ లో ‘సెక్టా’ అంటే ఒకర్ని అనుసరించి వెళ్ళేవాళ్ళు, అది పాత ఫ్రెంచ్ లో ‘సెట్’ అయి ఇంగ్లిష్ లోకి దిగింది. మతంలో శాఖకి సెక్ట్ అంటారే, అది దీనికి తోబుట్టువు. ఇంగ్లిష్ లోకి వచ్చేసరికి అచ్చం అదే మొహంతో ఇంకో సెట్ అప్పటికే ఉంది, రెండూ రాసుకుపూసుకు తిరిగి ఒకదాని పోలికలు ఒకదానికి వచ్చేశాయి. చెస్ సెట్, లెక్కల సెట్ ఈ గుంపు వైపు. సినిమా సెట్ మాత్రం పెట్టు వైపే, అమర్చి నిలబెట్టింది కదా.

లెక్కల సెట్ కి ఒక పట్టింపు ఉంది. 1, 2, 2, 3 అని రాసిచ్చి దీని సమితి చెప్పమంటే 1, 2, 3 అనే చెప్పాలి, రెండో 2 కి అక్కడ చోటు లేదు. జార్జ్ కాంటర్ అనే గణిత పండితుడు 1874లో ఈ సమితుల మీద రాసిన వ్యాసంలో అనంతాలన్నీ ఒకే సైజు కాదు, ఒకదానికన్నా ఇంకోటి పెద్దది ఉంటుంది అని రుజువు చేశాడు. ఆయన జర్మన్ లో రాశాడు కాబట్టి సెట్ అనే మాట ఆయనది కాదు, తర్వాత ఇంగ్లిష్ వాళ్ళు తగిలించుకున్నది. మనం సమితి అనుకున్నాం, ఐక్యరాజ్య సమితిలో సమితే ఇదీనూ. అక్కడ మాత్రం ఏ దేశమైనా ఒక్కసారే ఉంటుంది కదా, కాంటర్ చూసినా ఒప్పుకునేవాడు.

టెన్నిస్ సంగతి అడిగారు కాబట్టి. మామూలుగా 6 గేములు, 2 గేముల తేడా ఉంటే సెట్ అయిపోతుంది. 2010 వింబుల్డన్ లో ఐస్నర్, మాహుత్ ఆడిన ఆఖరి సెట్ మాత్రం 70–68 దాకా సాగింది, ఆ ఒక్క సెట్టే 8 గంటల 11 నిమిషాలు, మొత్తం మ్యాచ్ 3 రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు. వాలీబాల్ లో ఇంకా గజిబిజి, ఆటలో ఒక భాగమూ సెట్టే, బంతిని కొట్టేవాడి కోసం పైకి లేపి పెట్టడమూ సెట్టే. సెట్టర్ సరిగ్గా సెట్ చెయ్యకపోతే సెట్ పోతుంది.

ప్రశ్న: పేపర్ లో హైకోర్ట్ తీర్పుని సుప్రీంకోర్ట్ ‘సెట్ అసైడ్’ చేసింది అని చదివి, పక్కన పెట్టారు కదా తర్వాత చూస్తారులే అనుకున్నా. మా అన్నయ్య నవ్వాడు. సెట్ పక్కన ఈ అప్, ఆఫ్, అసైడ్ చేరితే నాకు ఏమీ అర్థం కాదు.

అన్నయ్యకి నవ్వే హక్కు ఉందిగానీ మీరు అనుకున్నదీ న్యాయంగానే ఉంది, మామూలు మాటల్లో సెట్ అసైడ్ అంటే కొంత డబ్బో టైమో విడిగా పక్కన పెట్టడమే. కోర్ట్ లో మాత్రం కొట్టేయడం, ఆ తీర్పు ఇక చెల్లదు.

ఈ తోకల్ని లిస్ట్ చేసి బట్టీ పట్టకండి, నా మాట వినండి. తోక ఎటు చూపిస్తోందో చూడండి చాలు. ఔట్, ఆఫ్ రెండూ ఉన్నచోటు నుంచి బయటికి, కాబట్టి బయల్దేరడం. ఆఫ్ లో ఇంకో రకం ఉంది, బాంబో, అలారమో, ఎవరి కోపమో ఒక్కసారిగా రాజుకునేలా చెయ్యడం. బ్యాక్ వెనక్కి, పని వెనకబడింది. ఇన్ అంటే లోపలికి వచ్చి తిష్ట వెయ్యడం, వాన పట్టుకుంది, చలి మొదలైంది, పుండు చీము పట్టింది లాంటి చోట్ల చూస్తారు, నా లెక్క ప్రకారం ఎక్కువ మనకి అక్కర్లేనివే ‘సెట్ ఇన్’ అవుతాయి. ఎండాకాలం సెలవులు సెట్ ఇన్ అయ్యాయి అని ఎవరూ రాయరు.

అప్ ఒక్కటే కొంచెం దొంగది. కంపెనీ సెట్ అప్ చేశాను అంటే పెట్టాను అని. నన్ను సెట్ అప్ చేశారు అంటే అన్యాయంగా ఇరికించారు అని. ఒక అమ్మాయితో నన్ను సెట్ అప్ చేశారు అంటే పరిచయం చేసి కలిపారు అని, దీన్నీ పైదాన్నీ కలపొద్దు, కొంతమంది అనుభవంలో రెండూ ఒకటే అయినా సరే.

ప్రశ్న: ఇల్లు కట్టే మేస్త్రి స్లాబ్ సెట్ అయింది అన్నాడు, ఇంజనీర్ ఇంకా బలం రాలేదు అన్నాడు. సెట్ అంటే గట్టిపడటమే కదా?

ఇద్దరూ కరెక్టే. కాంక్రీట్ విషయంలో సెట్ అంటే ముద్దలా జారేది జారడం మానేసి ఉన్న ఆకారంలో నిలబడిపోవడం, అది కొన్ని గంటల పని. సిమెంట్, నీళ్ళు కలిసి బలం పుంజుకోవడం తర్వాత రోజుల తరబడి సాగుతూనే ఉంటుంది, అందుకే బలం లెక్క 28 రోజులకి చూస్తారు, మొదట్లో కొన్నాళ్ళు తడుపుతూ ఉండమంటారు. జెల్లీ, జిగురు, ప్లాస్టర్ అన్నీ ఈ అర్థంలోనే సెట్ అవుతాయి, ఎక్కడిది అక్కడ కూర్చుండిపోవడం. విరిగిన ఎముకని డాక్టర్ సెట్ చెయ్యడం అంటే మాత్రం అతకడం కాదు, ముక్కల్ని సరైన చోట కూర్చోబెట్టడం వరకే, అతుక్కోవడం ఎముక పని.

ప్రశ్న: పరుగు పందెంలో ‘గెట్ సెట్ గో’ అంటారు కదా, ఆ సెట్ ఏంటి?

స్కూల్ గ్రౌండ్ లో అలా అంటారు. పెద్ద పోటీల్లో గెట్ లేదు, గో కూడా లేదు. 400 మీటర్ల దాకా ‘ఆన్ యువర్ మార్క్స్’, తర్వాత ‘సెట్’, తర్వాత తుపాకీ. దాన్ని మించిన దూరాలకి సెట్ కూడా ఉండదు, ‘ఆన్ యువర్ మార్క్స్’ అన్నాక నేరుగా తుపాకీయే. సెట్ అనగానే నడుము పైకి లేపి బిగుసుకుని రాయిలా ఆగిపోవాలి, కుదురుగా అన్నమాట. మోత వినకముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్, 2010 నుంచి మొదటి తప్పుకే బయటికి పంపేస్తున్నారు. 2011లో దక్షిణ కొరియాలోని దేగులో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ 100 మీటర్ల ఫైనల్ లో ఉసేన్ బోల్ట్ అంతటివాడు సెట్ దగ్గర కుదురుగా ఉండలేక రన్ లోకి దూకేశాడు, ఆయన్ని పక్కకి పంపేసి మిగతావాళ్ళతో పందెం నడిపించారు.